పాటకు అడ్డురాని అక్కచెల్లెండ్రు

ఇంగ్లండు దక్షిణ తీరమున, సముద్రమునకు అభిముఖముగా సుద్దకొండలు బారులు తీరి నిలిచిన ససెక్సు సీమలో, హేస్టింగ్సు అను పాత రేవుపట్టణపు కుటుంబమున 1933లో ఒకతెయు 1935లో ఒకతెయు జన్మించిన ఇద్దరు అక్కచెల్లెండ్రు, తమ తాతలు పాడుకొన్న పాటలను తమ దేశమునకే క్రొత్తగా వినిపించి, జానపద గాన చరిత్రలో చెరగని స్థానమును సంపాదించుకొనిరి. పెద్దామె డాలీ కాలిన్స్. చిన్నామె షెర్లీ కాలిన్స్. బాల్యమున ఇద్దరును గొంతు కలిపి పాడుకొన్నవారే కాని, పెరిగిన పిమ్మట చెల్లెలు పాటను చేపట్టగా, అక్క ఆ పాటకు స్వరరచన కూర్చి చిన్న గొట్టపు ఆర్గనుపై వాయించుటను చేపట్టెను. ఇరువురి పేర్లను కలిపి వెలువడిన రికార్డులు వ్రేళ్లపై లెక్కింపదగినన్నియే. ఐనను, 1960ల తరువాత ఇంగ్లీషు జానపదమును పాడబూనిన వారిలో ఈ అక్కచెల్లెండ్రకు ఋణపడనివారు అరుదు. తెలుగు పాఠకునకు ఈ ప్రస్తావన రాగానే వింజమూరి సీతాదేవి, అనసూయాదేవులు జ్ఞప్తికి వచ్చుట సహజము. పల్లెపదములను పెద్దల సభలకు తెచ్చుటలో మన సోదరీమణులు చేసిన ఉపకారము వంటిదే వీరును తమ జాతికి చేసిరి. కాని వీరు నడచిన త్రోవ వేరు, ఆ త్రోవలో కొంత వైచిత్రియు కలదు.

ముందుగా ఒక సందేహమును తీర్చుకొనవలెను. నేటి సంగీత విపణిలో ఈ ద్వీపముల పాటలన్నింటికిని ‘సెల్టిక్’ అని ఒకే చీటి అంటించి అమ్ముట వాడుకయైనది. అట్టమీద పొగమంచు పట్టిన కొండయొకటి, విరియబోసికొన్న జుట్టుతో హార్ప్ వాయించు కన్యక యొకతె ఉన్నచో చాలును, లోపలి పాట ఎవరిదో అడుగువారు లేరు. నిజమునకు సెల్టిక్ అను మాట ఐర్లండు, స్కాట్లండు, వేల్సు, బ్రిటనీ మొదలగు సీమల భాషలకు చెందినది. ససెక్సు పాట ఆ గోత్రమునకు చెందదు. అట్లని పాటలు సరిహద్దులను పాటించునా యన్నచో, అదియును లేదు. ఫ్రాన్సిస్ జేమ్స్ చైల్డ్ అను అమెరికా పండితుడు 1882 మొదలు 1898 వరకు సంపుటములుగా ప్రకటించిన 305 కథాగేయములలో ఇంగ్లండు పాట ఇది, స్కాట్లండు పాట ఇది యని గీత గీయుట పలుచోట్ల అసాధ్యము. ఒకే కథ అబర్డీనులో ఒక రాగమున, ససెక్సులో వేరొక రాగమున, సముద్రము దాటి అమెరికాలోని అపలేచియన్ కొండలలో ఇంకొక రాగమున బ్రదికియుండును. కావున గోత్రవివాదమును పండితులకు విడిచి, పాడువిధానమును గమనించుటయే మేలు.

ఆ విధానమున భేదము స్పష్టముగ కానవచ్చును. ఐర్లండున డొనెగాల్ సీమలోని గేలిక్ పలుకుబడిగల పల్లెతో బంధమున్న కుటుంబమున పుట్టిన ట్రీనా, మైరేడ్ నీ గోనిల్ అను సోదరీమణులు కలరు. వందలాది పాటలు కంఠస్థముగాగల మేనత్త నెలీ వద్ద వీరు పాట నేర్చిరి. 1971లో సోదరునితోను, ఒక మిత్రునితోను కలిసి ‘స్కారా బ్రే’ అను పేర రికార్డు చేసి, అంతవరకు ఒంటిగొంతుకతో మాత్రమే పాడు ఆచారముగల గేలిక్ పాటలకు పలుగొంతుకల మేళవింపు తెచ్చిరి. వారి పాటలో స్వరము చివర చిన్న వంపు, మాట నడుమ ఒక వణుకు, గమకమును పోలిన అలంకారము వినవచ్చును. కాలిన్స్ సోదరీమణుల పాటలో అట్టిది దాదాపు లేదు. వీరి కళయంతయు తీసివేతలోనే యున్నది.

ఈ తీసివేత వారికి ఎచ్చటి నుండి వచ్చినదో చెప్పవలెనన్నచో యుద్ధకాలపు హేస్టింగ్సునకు పోవలెను. జర్మను విమానములు దక్షిణ తీరముపై బాంబులు కురిపించుచున్న రాత్రులలో, భూమిలో త్రవ్విన ఆశ్రయములో ఇమిడి కూర్చుండి, పిల్లల భయము తీర్చుటకు తాతగారు పాటలు పాడెడివారు. ఆ ఇరుకులో, ఆ చీకటిలో పాడువానికి అభినయముతో గాని, గొంతు చూపుటతో గాని పనిలేదు. కథ చెప్పుటయే పని. గ్రేస్ అను బంధువురాలును పాటల పుట్టయే. మేనమామ ఫ్రెడ్ బాల్ రచయిత; హేస్టింగ్సులో రంగులు వేయు కూలీగా జీవించి, కార్మికుల బ్రదుకుపై గొప్ప నవల వ్రాసి మరణించిన రాబర్ట్ ట్రెసెల్ జీవితచరిత్రను వెలికితీసినది ఆయనయే. పాటయు, శ్రామిక రాజకీయమును ఒకే పొయ్యివద్ద వెచ్చబడిన ఇల్లు అది.

ఆ సీమకు పాటల వారసత్వము కొత్తది కాదు. బ్రైటన్ చెంతనున్న రాటింగ్‌డీన్ పల్లెలో కాపర్ కుటుంబమువారు తరతరములుగా రెండు గొంతుకల శ్రుతిలో పాడుచుండిరి. 1898లో కేట్ లీ యను గాయని అచ్చటికి పోయి జేమ్స్, థామస్ కాపర్ సోదరుల పాటలను వ్రాసికొనగా, అదే సంవత్సరము స్థాపింపబడిన జానపద గాన సమాజము తన పత్రిక మొదటి సంచికలో వానిని ప్రకటించెను. పల్లెటూరి ఆ అన్నదమ్ములు సమాజమునకు గౌరవ సభ్యులైరి. 1903లో సెసిల్ షార్ప్ సోమర్‌సెట్ సీమలోని హేంబ్రిడ్జి గ్రామమున తోటమాలి జాన్ ఇంగ్లండ్ పాట విని సేకరణకు దిగుటయు, అదే యేడు రాల్ఫ్ వాన్ విలియమ్స్ ఎసెక్సులో ఒక వృద్ధ శ్రామికుని పాట విని తానును ఆ పనికి పూనుకొనుటయు ప్రసిద్ధమే. కాని ఈ సేకర్తలు పాటను కాగితముపై ఎక్కించి, పియానో తోడు కూర్చి, బడిపిల్లలకును డ్రాయింగురూములకును పంపిరి. పాట దక్కినది, పాడినవాని గొంతు దక్కలేదు. షెర్లీ అన్వేషణ ఆ గొంతుకై సాగినది.

యౌవనమున లండను చేరిన షెర్లీ, సెసిల్ షార్ప్ గృహములోని గ్రంథాలయమున పాటలు వెదకికొనుచు, కాఫీ క్లబ్బులలో బాంజో మీటుచు పాడుకొనుచుండెను. అమెరికా నుండి వచ్చిన జానపద సేకర్త ఏలన్ లోమాక్సుతో ఆ రోజులలోనే పరిచయమేర్పడెను. 1959లో ఆయనతో కూడి అమెరికా దక్షిణ రాష్ట్రములు తిరిగి, కారాగారములలో, చర్చిలలో, కొండపల్లెల వసారాలలో పాటలు రికార్డు చేయుటకు సాయపడెను. మిసిసిపీలో పత్తిపని చేసికొనుచున్న ఫ్రెడ్ మెక్‌డవెల్ అను అసమాన గిటారు గాయకుడు లోకమునకు తెలిసినది ఆ యాత్రలోనే. తిరిగివచ్చిన పిమ్మట 1964లో డేవీ గ్రేయమ్ గిటారుతో చేసిన రికార్డు ఆ వాద్యకారులలో ఈనాటికిని పెద్దపేరు గలది. నా మట్టుకు నాకు అందు గిటారు కొంచెము ఎక్కువ తెలివిగా మాటాడుచున్నట్లు తోచును. షెర్లీ గొంతునకు కావలసినది తెలివైన తోడు కాదు, సహనముగల తోడు. అది ఇంటనే యుండెను.

డాలీ కాలిన్స్ గురించి వ్రాసినవారు తక్కువ, అది అన్యాయము. ఆమె అలన్ బుష్ అను సంగీత రచయిత వద్ద స్వరరచన అభ్యసించినది. బుష్ సామ్యవాది, ఆయన పెంచిన కార్మిక సంగీత సంఘమునుండి 1939లో పుట్టినదే టాపిక్ రికార్డు సంస్థ. అక్కచెల్లెండ్ర తొలి కలయికగా 1967లో వచ్చిన ‘ది స్వీట్ ప్రింరోజెస్’ వెలువడినది ఆ సంస్థనుండియే. డాలీ ఒక పొలములో నిలిపిన పాత బస్సును ఇల్లుగా చేసికొని, అందు పియానో నుంచుకొని, స్వరములు వ్రాసికొనెడిది. ఆమె చేపట్టిన వాద్యము పోర్టటివ్ అను చిన్న గొట్టపు ఆర్గను, చర్చి గోడను కప్పివేయు మహావాద్యమునకు పూర్వకాలపు చిన్న చెల్లెలు.

ఈ వాద్యమును కొంచెము దగ్గరగా చూడవలెను. ఆర్గనులో గొట్టములకు అందు గాలి ఒత్తిడి నిలుకడగా ఒకటియే యగుటచే, మెట్టును మెల్లగ నొక్కినను గట్టిగ నొక్కినను స్వరము ఒకే బలముతో పలుకును. మన హార్మోనియమున తిత్తి ఒత్తు చేతి నేర్పుచే నాదమును పెంచవచ్చును, తగ్గింపవచ్చును. ఇందు ఆ వెసులుబాటును లేదు. స్వరము మొదలగును, నిలుచును, ఆగును. మొదలగునప్పుడు గొట్టము పెదవివద్ద గాలి తగులు చిన్న సవ్వడి, ఊపిరి తీసినట్లు, వినబడును. భావోద్వేగమును ప్రకటించుటకు వాద్యకారులు ఆశ్రయించు ఉపాయములలో ముఖ్యమైనది, అనగా ఉబ్బించి కరిగించుట, ఈ వాద్యమునకు పుట్టుకతోనే నిషిద్ధము. మిగిలినది ఏ స్వరము నుంచవలెను, దేనిని విడువవలెను అను వివేకము మాత్రమే. ఆ వివేకమున డాలీకి సమానులను నేనెరుగను. పాటకు ప్రతి మాటవద్ద శ్రుతిగుచ్ఛమును తగిలించుట ఆమె చేయదు. క్రింది గొంతులో ఒక రేఖ, నడుమ ఒక రేఖ, తమతమ త్రోవల నడచుచు, అక్కడక్కడ పాటను తాకి, మరల విడిపోవును.

ఇందుకు శాస్త్రకారణమును కలదు. ఈ పాతపాటలలో పెక్కింటి స్వరగ్రామములు నేటి పాశ్చాత్యుల మేజరు, మైనరు కొలతలకు లొంగవు. డోరియన్ అనబడునది మన ఖరహరప్రియ స్వరములే. మిక్సొలీడియన్ అనబడునది హరికాంభోజి. ఏయోలియన్ అనబడునది నటభైరవి. ఖరహరప్రియలోని పాటకు పియానో పాఠములలో నేర్చిన మైనరు తోడును బలవంతముగ కట్టబెట్టినచో నిషాదము పెరిగి, రాగము చచ్చును. షార్ప్ నాటి తోడ్పాటులలో ఈ దోషము తరచు వినబడును. డాలీ రచనలలో అది లేదు. ఈ ద్వీపముల బాణీలు మన సంగీతమునకు అపరిచితములు కావన్న మాటయు ఇచ్చట చెప్పదగును. ముత్తుస్వామి దీక్షితులు పందొమ్మిదవ శతాబ్ది తొలిపాదమునాటికే ఆంగ్ల సైనికుల బ్యాండుపాటలకు సంస్కృత సాహిత్యము కూర్చి నొట్టుస్వరములు రచించిరి, వానిలో ‘సంతతం పాహిమాం’ ఆంగ్లేయుల రాజగీతపు వరుసయే. కాని బ్యాండు ద్వారా వచ్చినది శంకరాభరణపు ముఖము మాత్రమే. ఖరహరప్రియలో ఏడ్చు ససెక్సు పల్లెపడుచు అప్పటికి మద్రాసు చేరలేదు.

ఇక షెర్లీ గొంతు. అది పెద్దది కాదు, మధురమని పొగడుటకును అంతగా ఒప్పుకొనదు. ససెక్సు ఉచ్చారణ వీడని, నిలువుగా వచ్చు, కొంచెము గరుకైన గొంతు. హత్య జరిగిన చరణమును, పూలు కోసిన చరణమును ఆమె ఒకే స్థాయిలో పాడును. ప్రియుడు మోసగించినాడని పాడునప్పుడు ఏడ్వదు, ఏడ్పు వినువానికి విడిచిపెట్టును. రంగస్థల గానమునకు అలవడిన చెవికి మొదట ఇది నిరాసక్తత వలె తోచుట కద్దు. రెండు మూడు పాటలు గడచిన పిదప, గాయని తొలగిపోయి కథలోని మనుష్యులు ఎదుట నిలుచుట అనుభవమునకు వచ్చును. పాట నాది కాదు, నేను దానికి మార్గమును మాత్రమే యను భావము ఆమెది. ఆ భావమును వినయముగా గాక శిల్పనియమముగా పాటించినది.

ఈ నియమము పరిపూర్ణముగ ఫలించినది 1969లో వచ్చిన ‘యాంథమ్స్ ఇన్ ఈడెన్’ అను రికార్డున. పింక్ ఫ్లాయిడ్ వంటి రాక్ బృందములకు వేదికయైన హార్వెస్ట్ సంస్థ దానిని వెలువరించుట ఆ కాలపు చిత్రములలో ఒకటి. మొదటి ముఖమంతయు, సుమారు 28 నిమిషములు, విడివిడి జానపదములను హారముగ గ్రుచ్చి చెప్పిన ఒకే కథ: సమాగమము, అనునయము, నిరాకరణము, పరిత్యాగము, స్వప్నము, వీడ్కోలు, మేల్కొనుట. షెర్లీకి అప్పటి భర్తయు, ఆ రికార్డు నిర్మాతయు నైన ఆస్టిన్ జాన్ మార్షల్ ఊహ అది. మొదటి ప్రపంచయుద్ధము ఇంగ్లండు పల్లెలనుండి ఏమి కొనిపోయినదో చెప్పుట దాని ఉద్దేశము.

దానికి తోడు పిలువబడినవారు డేవిడ్ మన్రో నడపుచున్న ప్రాచీన సంగీత బృందము. 1967లో క్రిస్టఫర్ హాగ్‌వుడ్డుతో కలిసి మన్రో నెలకొల్పిన ఈ బృందము, పునరుజ్జీవన యుగమునాటి వాద్యములను మ్యూజియముల అద్దాల వెనుకనుండి సభలకు తెచ్చినది. రికార్డులో హాగ్‌వుడ్ హార్ప్సికార్డు వాయించెను. తక్కినవి నేటి చెవికి వింత పేర్లు: ట్రాంబోనునకు పూర్వరూపమైన సాక్‌బట్, కొయ్యతో చేసి తోలు చుట్టి, వ్రేళ్లకు రంధ్రములు పెట్టిన కార్నెట్, జానెడు పొడవైనను లోపల త్రోవ మడతలు మడతలుగ తిరుగుటచే బొంగురుగ పలుకు రాకెట్, కొన వంకర తిరిగిన క్రుమ్‌హార్న్. ఈ చివరిదాని నిర్మాణము మన సన్నాయికి బంధువు, జంటరెల్లు పీకయే. కాని పీక పెదవులకు తగులకుండ పైన చిన్న కొయ్యకుప్పె మూసియుండును. సన్నాయి విద్వాంసుడు పెదవులతో పీకను పట్టి నాదమును సాగదీసి, వంచి, లాలించును. క్రుమ్‌హార్న్ వాదకునికి ఆ స్వాతంత్ర్యము లేదు. ఊదినచో పలుకును, మానినచో ఆగును. దాని వ్యాప్తియు ఇంచుమించు తొమ్మిది స్వరములు.

ఇచ్చట చరిత్రజ్ఞులు ఆక్షేపింపవచ్చును, ఆ ఆక్షేపణ న్యాయమైనదే. క్రుమ్‌హార్న్ రాజాస్థానముల వాద్యము. పందొమ్మిదవ శతాబ్దిలో గొర్రెలు మేపుచు పాడుకొన్న ససెక్సు కాపరి దానిని కలలోనైనను వినియుండడు. పాటల కాలమొకటి, వాద్యముల కాలమొకటి. కాని ఈ సంధానమును కాలపట్టికతో గాక చెవితో విచారింపవలెను. గొట్టపు ఆర్గనువలెనే క్రుమ్‌హార్నునకును ఉబ్బించి కరిగించు శక్తి లేదు. షెర్లీ గొంతుకు అట్టి కోరికయే లేదు. మూడును ఒకే స్వభావమునకు చెందినవి. డాలీ దానిని గుర్తించి, ఈ బొంగురు వాద్యములను గొంతుకు అలంకారముగ గాక, అదే ఊరిలో కాపురమున్న ఇరుగుపొరుగువారిగ కూర్చినది. చరిత్ర తప్పినను రసము తప్పలేదు.

ఆ కథలో మేల్కొను ఘట్టమున వచ్చునది ‘విట్సన్ డాన్స్’. పాతపాట వరుసకు మార్షల్ క్రొత్త మాటలు కూర్చెను. ఈస్టరు గడచిన ఏడువారములకు వచ్చు విట్సన్ పండుగనాడు పల్లెలలో మోరిస్ అను నృత్యము మగవారు చేయుట ఆచారము. యుద్ధము మగవారిని మ్రింగగా, వయసు మీరిన స్త్రీలు వారి చోట నిలిచి ఆడుట ఆ పాటలోని విషయము. ఇది కేవలము కల్పన కాదు. స్వరకర్తయు, జానపద సేకర్తయు నైన జార్జ్ బట్టర్‌వర్త్ సెసిల్ షార్ప్ మోరిస్ ప్రదర్శన జట్టులో నర్తకుడు. అతడు 1916 ఆగస్టు 5న సొమ్ రణరంగమున గూలెను. ఆ జట్టులోని వారు మొత్తము నలుగురు ఆ యుద్ధముననే మరణించిరి. షెర్లీ ఈ పాటను పాడునప్పుడు గొంతు ఒక్కచోటనైనను పెరుగదు. పెరిగియున్నచో ఆ పాట ఉపన్యాసమై పోయెడిది. దాని వెంటనే, పదునారవ శతాబ్దిపు లూట్ వ్రాతప్రతిలో దొరకిన ‘స్టెయిన్స్ మోరిస్’ వరుస, వాద్యములన్నియు ఒక్కుమ్మడి లేచి, నృత్యమునకు పిలుచును. ఈ పిలుపును నేను ఎన్నిమార్లు వినినను మునుపటి దుఃఖమును అది మాన్పలేదు. మాన్పవలెనని డాలీయు తలచియుండదు.

మరుసటి యేడు వచ్చిన ‘లవ్, డెత్ అండ్ ది లేడీ’ ఇంతకంటెను నల్లనిది. మృత్యువు ఒక ధనవంతురాలిని దారిలో కలిసికొని, బంగారమునకు లొంగక, వెంటబెట్టుకొని పోవుట అను మధ్యయుగపు ఊహనుండి దిగివచ్చిన పాటతో అది మొదలగును. ఆ యేండ్లలో డాలీకి ఇతరులును పని యొప్పగించిరి. 1968లోనే ఇంక్రెడిబుల్ స్ట్రింగ్ బ్యాండ్ రికార్డున ఆమె ఆర్గను వినబడును, 1977లో పీటర్ బెలమీ రచించిన ‘ది ట్రాన్స్‌పోర్ట్స్’ అను కథాగేయ నాటకమునకు వాద్యసంయోజనము కూర్చినది ఆమెయే. ఆస్ట్రేలియాకు దేశాంతర శిక్షపై పంపబడిన ఖైదీ దంపతుల కథ అది. మన్రో 1976లో 33 యేండ్లకే మరణించెను. 1978లో ‘ఫర్ ఏజ్ మెనీ ఏజ్ విల్’ అను రికార్డుతో అక్కచెల్లెండ్ర జంటపని ముగిసెను.

ముగియుటకు కారణము గాయని గొంతు మూగవోవుట. గృహజీవితమున తగిలిన దెబ్బ గొంతుకు పట్టి, వేదికపై నిలిచినచో స్వరము రాకుండెను. వైద్యులు దానిని డిస్ఫోనియా అందురు. షెర్లీ పాటను విడిచి, సామాన్యమైన ఉద్యోగములు చేసికొని పిల్లలను పెంచినది. ఆమె మూడు దశాబ్దములకు పైగా వేదికపై పాడలేదు. డాలీ 1995 సెప్టెంబరు 22న మరణించెను. కావున 2014లో లండను యూనియన్ చాపెలులో చెల్లెలు మరల పాటకు నోరు తెరచుటను అక్క వినలేదు. 2016లో, తన 81వ యేట, ల్యూయిస్ పట్టణమున తన ఇంటనే రికార్డు చేసిన ‘లోడ్‌స్టార్’లో షెర్లీ ఆ మృత్యువు పాటనే తిరిగి పాడినది. 1970 నాటి గొంతు ధనవంతురాలిది. 2016 నాటి గొంతు, అరిగి, దిగి, పగుళ్లు వారి, మృత్యువు పక్షమున మాటాడుచున్నట్లుండును. రెంటిని ప్రక్కప్రక్కన వినిన పిదప మొదటిదే మేలనువారు కలరు. నేను రెండవదానివైపు మ్రొగ్గుదును.

ఆ పిమ్మట 2020లో ‘హార్ట్స్ ఈజ్’, 2023లో ‘ఆర్కేంజెల్ హిల్’ వచ్చినవి. వీనితో మొదలిడినచో ఈ గానము అర్థము కాకపోవచ్చును. క్రొత్తగా వినబూనువారికి నా మనవి యొక్కటే: ‘యాంథమ్స్ ఇన్ ఈడెన్’ మొదటి ముఖమును నడుమ ఆపకుండ రెండు మారులు వినుడు, మొదటి మారు చెల్లెలి పాటకై, రెండవ మారు, మాటలను విడిచి, అక్క ఆర్గను క్రింది రేఖకై. డాలీ కాలిన్స్‌కు రావలసిన కీర్తిలో సగము ఇంకను బాకీ యున్నది.